ఏటి ఒడ్డున ఊరు: ఒక పాత బొమ్మ చెప్పే సంగతులు

(పొదిలి ప్రాంతపు కొత్త చదువరుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఒక బొమ్మ గురించి చెప్పుకుందాం. అది దేవుడి పటం కాదు. సినిమా బొమ్మ కాదు. రాజుగారి బొమ్మ కూడా కాదు. ఒక చిన్న ఊరి బొమ్మ. ఏటి ఒడ్డున ఉన్న ఊరు. ఆ ఊరు మన దేశంలోది కాదు. హాలెండు దేశంలోది. ఆ దేశానికే నెదర్లాండ్స్ అని ఇంకో పేరు. అక్కడి వాళ్ళను డచ్చివాళ్ళు అంటారు. మన తెలుగువాళ్ళు వెనకటి రోజుల్లో వాళ్ళను వలందులు అనేవాళ్ళు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. ఆ పేరు వాళ్ళను బట్టి వచ్చిందే.

ఎక్కడో ఉన్న హాలెండు ఊరి బొమ్మతో పొదిలి వాళ్ళకు పనేమిటి? మిరప తోటలో కాయ కోసుకునే వాళ్ళకు, పత్తి తీసుకునే వాళ్ళకు దాంతో ఏం లాభం? ఈ ప్రశ్న న్యాయమైనదే. జవాబు చివరికి తెలుస్తుంది. ముందు బొమ్మ చూద్దాం.

బొమ్మలో ఏముంది?

యాన్ వాన్ గోయెన్ అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. 1596లో లైడెన్ అనే పట్నంలో పుట్టాడు. 1656లో చనిపోయాడు. ఆయన వెయ్యికి పైగా రంగుల చిత్రాలు వేశాడు. కాగితం మీద గీసిన బొమ్మలు కూడా వందల కొద్దీ ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పల్లెటూళ్ళు, ఏళ్ళు, పడవలు, రోడ్లు, సంతలు.

ఆయన ఊరూరా తిరిగేవాడు. చేతిలో చిన్న పుస్తకం ఉండేది. నల్ల సుద్దముక్కతో కనిపించింది కనిపించినట్టు గబగబా గీసుకునేవాడు. తర్వాత ఇంట్లో కూర్చుని పెద్ద కాగితం మీద నిదానంగా వేసేవాడు. నీళ్ళలో కలిపిన బూడిద రంగు కుంచెతో పలచగా పూసేవాడు. అంతే. ఎరుపు లేదు, పచ్చ లేదు. సుద్ద, నీళ్ళు, కాగితం.

ఆయన వేసిన ఏటి ఒడ్డు బొమ్మలు చూస్తే ఏం కనిపిస్తుంది? సగానికి పైగా ఆకాశమే. కింద నీళ్ళు. నీళ్ళలో ఒక పడవ. పడవలో ఇద్దరు ముగ్గురు మనుషులు. ఒకరు వల లాగుతుంటారు. ఒడ్డున గడ్డి కప్పిన ఇళ్ళు, వంగిపోయిన కంచె, నాలుగు చెట్లు. వెనకాల చర్చి గోపురం. దూరంగా ఒక గాలిమర. అక్కడక్కడా ఆవులు. మనుషుల ముఖాలు కనిపించవు. కానీ వాళ్ళు ఏం పని చేస్తున్నారో తెలుస్తుంది.

బొమ్మ కింది మూల చూడండి. చాలా బొమ్మల్లో రెండు అక్షరాలు ఉంటాయి. వి, జి. వాన్ గోయెన్ అని అర్థం. పక్కనే సంవత్సరం ఉంటుంది. 1651 అనో, 1653 అనో. ఆ రెండు అక్షరాలు, ఆ నాలుగు అంకెలు గుర్తు పెట్టుకోండి. వాటితో మనకు తర్వాత పని ఉంది.

ఇట్లాంటి బొమ్మలు ఎవరు కొనేవాళ్ళు? రాజులు మాత్రమే కాదు. పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1640లో ఆంస్టర్డాం వెళ్ళాడు. ఆయన మన దేశానికి కూడా వచ్చినవాడే. అక్కడ రొట్టెలు కాల్చేవాళ్ళ అంగళ్ళలో, మాంసం అమ్మేవాళ్ళ అంగళ్ళలో, ఆఖరికి కమ్మరి కొలిమిలో కూడా బొమ్మలు వేలాడుతున్నాయని ఆశ్చర్యంగా రాసుకున్నాడు. అంటే మామూలు జనం తమ ఊరి లాంటి ఊరి బొమ్మను తమ గోడకు తగిలించుకున్నారు. తమ బతుకు కూడా చూడదగిందే అనుకున్నారు.

బొమ్మలు వేసిన వాడి బతుకు మాత్రం అంత బాగుపడలేదు. ఆ రోజుల్లో హాలెండులో తులిప్ అనే పూల దుంపల మీద జూదం లాంటి వ్యాపారం నడిచింది. ఒక్కో దుంప ధర కొండెక్కింది. 1637లో ధర ఒక్కసారిగా కుప్పకూలింది. వాన్ గోయెన్ అందులో డబ్బు పెట్టి నష్టపోయాడు. అప్పులతోనే చనిపోయాడు. పత్తి ధర, మిరప ధర ఎక్కినప్పుడు ఆశపడి, పడిపోయినప్పుడు కుదేలైన వాళ్ళకు ఈ కథ కొత్తగా చెప్పనక్కర లేదు.

నీళ్ళతో పోరు

బొమ్మలో ఇంకో సంగతి ఉంది. అది పైకి కనిపించదు. చూడటం తెలియాలి.

హాలెండులో దాదాపు నాలుగో వంతు భూమి సముద్ర మట్టం కంటే పల్లంలో ఉంది. కట్ట తెగితే ఊళ్ళు మునిగిపోతాయి. 1421లో వచ్చిన పెద్ద వరదలో ఎన్నో ఊళ్ళు కొట్టుకుపోయాయి. అందుకని వాళ్ళు కట్టలు కట్టారు. గాలిమరలతో నీళ్ళు తోడి కాలువల్లో పోశారు. బేమ్‌స్టర్ అనే పెద్ద మడుగు ఉండేది. నలభైకి పైగా గాలిమరలు పెట్టి, 1612 నాటికి ఆ నీళ్ళన్నీ తోడేశారు. చేపలు తిరిగిన చోట పొలాలు దున్నారు.

ఈ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. అందుకే నీటి సంఘాలు పెట్టుకున్నారు. పదమూడో శతాబ్దం నుంచే అవి ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. వెనకటి రోజుల్లో ఎవరి పొలం ఎదుట కట్ట వాళ్ళు బాగు చేయాల్సి ఉండేది. సంఘం పెద్దలు ఏటా వచ్చి చూసేవాళ్ళు. కట్ట బాగా లేకపోతే జరిమానా వేసేవాళ్ళు.

మన దగ్గర ఇట్లాంటి ఏర్పాటు లేదా? ఉంది. వెనకటి రోజుల్లో చెరువు కట్ట, కాలువ పూడిక పనులు ఊరంతా కలిసి చేసేవాళ్ళు. దాన్ని కుడిమరామత్తు అనేవాళ్ళు. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో రైతులే నీటి సంఘాలు పెట్టుకునే చట్టం వచ్చింది. వాళ్ళకు నీళ్ళు ఎక్కువై బాధ. పొదిలి వైపు నీళ్ళు చాలక బాధ. బాధ వేరు. ఉపాయం ఒక్కటే. నలుగురూ కలవాలి.

ఇప్పుడు మళ్ళీ బొమ్మ చూడండి. ఇంటి ముందు గట్టు కనిపిస్తుంది. అది ఉత్త గట్టు కాదు. ఊరి ప్రాణం. దూరంగా ఉన్న గాలిమర అలంకారం కాదు. అది నీళ్ళు తోడే యంత్రం కావచ్చు, పిండి మర కావచ్చు. బొమ్మను చదవడం అంటే ఇదే. అక్షరాన్ని చదివినట్టే గట్టును, తూమును, చెట్టును కూడా చదవాలి.

వాళ్ళు మన ఒడ్డుకు వచ్చారు

డచ్చివాళ్ళు 1602లో ఒక పెద్ద వర్తక కంపెనీ పెట్టారు. ఓడలెక్కి తూర్పు దేశాలకు బయలుదేరారు. 1605లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. అప్పుడు ఈ ప్రాంతం గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. మరుసటి ఏడు, 1606లో, నిజాంపట్నంలో ఇంకో స్థావరం పెట్టారు. నిజాంపట్నాన్ని అప్పట్లో పెట్టపోలి అని కూడా పిలిచేవాళ్ళు. తర్వాత పులికాట్, భీమునిపట్నం, పాలకొల్లు లాంటి చోట్ల కూడా వాళ్ళు దిగారు. మచిలీపట్నంలో వాళ్ళు దిగేనాటికి మన చిత్రకారుడు వాన్ గోయెన్ తొమ్మిదేళ్ళ పిల్లవాడు.

ఎందుకు వచ్చారు? బట్ట కోసం. వాళ్ళకు కావలసినవి మిరియాలు, లవంగాలు, జాజికాయ. అవి ఇండొనీషియా దీవుల్లో దొరికేవి. ఆ దీవుల జనం వాటికి బదులుగా మన బట్ట అడిగేవాళ్ళు. తెలుగు నేత, తెలుగు అద్దకం అంటే వాళ్ళకు అంత ఇష్టం. అందుకని డచ్చివాళ్ళు వెండి, బంగారం తెచ్చి ఇక్కడ బట్ట కొన్నారు. ఆ బట్ట అక్కడ ఇచ్చి లవంగాలు కొన్నారు. లవంగాలు హాలెండు తీసుకుపోయి అమ్మారు.

ఆ బట్ట వెనక ఎన్ని చేతులున్నాయో చూడండి. పత్తి మెట్ట పొలాల్లో పండేది. ఆడవాళ్ళు ఇళ్ళల్లో రాట్నం మీద నూలు వడికేవాళ్ళు. సాలెవాళ్ళు మగ్గం మీద నేసేవాళ్ళు. తర్వాత అద్దకం. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఎండబెట్టేవాళ్ళు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము ఊరవేసి నల్ల రంగు చేసేవాళ్ళు. పటిక అద్దిన చోట ఎరుపు పట్టేది. ఆ ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది. నిజాంపట్నం వైపు దొరికే చిరివేరుకు చాలా పేరుండేది. నీలి రంగు నీలి మొక్క నుంచి. చివరికి పారే నీళ్ళలో ఉతికి, ఇసుకలో ఆరేసేవాళ్ళు. పారే నీళ్ళు లేకపోతే ఆ రంగుకు నిగారింపు రాదు. అందుకే అద్దకం ఊళ్ళు కూడా కాలువల పక్కన, ఏళ్ళ పక్కనే ఉండేవి. మచిలీపట్నం దగ్గర పెడనలో కలంకారీ అద్దకం ఇప్పటికీ నడుస్తోంది.

నేతగాళ్ళకు వర్తకులు దళారుల ద్వారా ముందే బయానా ఇచ్చేవాళ్ళు. బయానా తీసుకున్నాక బట్ట వాళ్ళకే ఇవ్వాలి. ధర పెరిగినా వేరే వాళ్ళకు అమ్ముకునే వీలుండదు. పంటకు ముందే అప్పు ఇచ్చి, పంట తమకే తోలాలనే పద్ధతి ఎట్లా ఉంటుందో రైతులకు తెలుసు. ఇదీ అట్లాంటిదే.

మన ఊరి బొమ్మ వాళ్ళు వేస్తే

డచ్చివాళ్ళు తమ ఊళ్ళ బొమ్మలే కాదు, మన ఊళ్ళ బొమ్మలు కూడా వేశారు. యోహానెస్ వింగ్‌బూన్స్ అనే ఆయన ఆంస్టర్డాంలో ఉండేవాడు. 1665 ప్రాంతంలో ఆయన తూర్పు దేశాల రేవుల బొమ్మలు ఎన్నో వేశాడు. అందులో మచిలీపట్నం బొమ్మ కూడా ఉంది. ఫిలిప్పస్ బాల్డియస్ అనే డచ్చి పాదిరీ 1672లో అచ్చు వేయించిన పుస్తకంలోనూ మచిలీపట్నం బొమ్మ ఉంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. వింగ్‌బూన్స్ ఎప్పుడూ మచిలీపట్నం రాలేదు. ఓడ మీద వెళ్ళి వచ్చిన వాళ్ళు గీసుకొచ్చిన కాగితాలు చూసి, ఇంట్లో కూర్చుని వేశాడు.

అప్పుడు బొమ్మ ఎట్లా ఉంటుంది? ఓడలోంచి చూసిన వాడికి ముందు కనిపించేది ఏది? సముద్రం, ఓడలు, రేవు, దూరంగా ఊరు. ఇక వర్తకుడికి కావలసింది ఏది? సరుకు ఎక్కడ దించాలి, గోదాము ఎక్కడ, ఓడ ఎక్కడ ఆగాలి. రాట్నం తిప్పే అమ్మ ఇల్లు వాడికి అక్కర లేదు. చిరివేరు తవ్వే మనిషి పేరు వాడికి అక్కర లేదు. తాగే నీళ్ళ బావి ఎక్కడుందో కూడా అంతగా పట్టదు.

బొమ్మలో రాని సంగతులు ఇంకా ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో కరువులు వచ్చినప్పుడు, తిండి లేక జనం తమను తాము అమ్ముకున్నారు. బిడ్డలను అమ్ముకున్నారు. డచ్చి కంపెనీ వాళ్ళు పులికాట్ లాంటి రేవుల నుంచి అట్లాంటి వాళ్ళను బానిసలుగా కొని ఓడల్లో తీసుకుపోయారు. అందమైన ఓడ బొమ్మలో ఆ ఏడుపు వినపడదు.

అంటే ఆ బొమ్మలు అబద్ధమా? అబద్ధం కాదు. వాటికి విలువ ఉంది. మచిలీపట్నం మీద 1864 నవంబరు 1న పెద్ద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. ఊరి రూపమే మారిపోయింది. అంతకు రెండు వందల ఏళ్ళ ముందు ఆ రేవు ఎట్లా ఉండేదో తెలుసుకోవాలంటే ఆ డచ్చి బొమ్మలు పనికొస్తాయి. డచ్చివాళ్ళు పోయారు. 1824 నాటి ఒప్పందం ప్రకారం 1825లో తమ స్థావరాలు ఇంగ్లీషు వాళ్ళకు అప్పజెప్పారు. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో వాళ్ళ సమాధులు మిగిలాయి. కాగితాలు కూడా మిగిలాయి.

కాబట్టి ఏ బొమ్మ చూసినా మూడు ప్రశ్నలు వేయాలి. ఎవరు వేశారు? ఎక్కడ నిలబడి వేశారు? ఏం వదిలేశారు?

మన ఊరి బొమ్మ మనమే వేస్తే

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ బొమ్మతో పొదిలి వాళ్ళకు పనేమిటి?

పొలాలు చూడండి. ఎర్రగా ఆరబోసిన మిరపకాయ ఈ నేలకు ఎప్పటి నుంచో ఉన్న పంట అనుకుంటాం. కాదు. మిరప అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1498లో పోర్చుగీసు వాళ్ళు మన దేశానికి దారి కనిపెట్టాక, వాళ్ళ ఓడల ద్వారా ఇక్కడికి చేరింది. పొగాకు కూడా అట్లా వచ్చిందే. అంతకు ముందు కారానికి మిరియాలే దిక్కు. మన తాతల తాతలు చూసిన ఊరు, మనం చూసే ఊరు ఒకటి కాదు. ఊరు మారుతూనే ఉంటుంది. రాసి పెట్టకపోతే, గీసి పెట్టకపోతే ఏది ఎప్పుడు మారిందో తెలియదు.

తెలియకపోతే నష్టమా? నష్టమే. చెరువు సంగతే తీసుకోండి. వాన తక్కువ నేల ఇది. చెరువు నిండితేనే బావుల్లో నీళ్ళు. బోర్లలో నీళ్ళు. చెరువులోకి నీళ్ళు తెచ్చే వాగు కాలువ ఏటేటా పూడిపోతుంది. పక్కవాళ్ళు ఈ ఏడు రెండు సాళ్ళు కలుపుకుంటారు. వచ్చే ఏడు ఇంకో రెండు సాళ్ళు. ఇరవై ఏళ్ళకు కాలువే ఉండదు. "ఇక్కడ కాలువ ఉండేదిరా అబ్బాయ్" అని ముసలాయన అంటాడు. "సాక్ష్యం ఏది తాతా?" అని మనవడే అడుగుతాడు. ముసలాయన పోయాక ఆ మాట కూడా ఉండదు.

చట్టం చెరువు పక్షానే ఉంది. ఊరి కుంటలు, చెరువులు ఊరందరి ఆస్తి, వాటిని కాపాడాలి అని సుప్రీంకోర్టు 2001లో ఒక తీర్పులో చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో నీరు, నేల, చెట్ల రక్షణకు 2002లో వాల్టా చట్టం వచ్చింది. కానీ చట్టం తనంతట తాను నడిచి ఊళ్ళోకి రాదు. చెరువు ఎంతవరకు ఉందో, కాలువ ఎక్కడి నుంచి వస్తుందో ఊరి వాళ్ళే చూపించాలి. అందుకు బొమ్మ కావాలి.

ఎట్లా వేయాలి? చిత్రకళ రానక్కర లేదు. ముగ్గు వేయడం వచ్చిన చేతికి ఊరి పటం వేయడం వచ్చు.

ముందు అందరికీ వీలైన పూట చూసుకోండి. కూలి పనికి పోయేవాళ్ళు కూడా ఉండే వేళ కావాలి. అన్ని వాడల వాళ్ళూ రావాలి. ఒక్క వీధి వాళ్ళే వేస్తే ఆ వీధి పెద్దదిగా, మిగతా ఊరు చిన్నదిగా వస్తుంది. ఓడలోంచి వేసిన మచిలీపట్నం బొమ్మ లాగా అవుతుంది.

చెట్టు కింద నేల ఊడ్చి, నీళ్ళు చల్లండి. తూర్పు ఎటో ముందు గుర్తు పెట్టండి. ఊరి నడుమ బొడ్డురాయి దగ్గర మొదలుపెట్టండి. తెల్ల ముగ్గుతో రోడ్లు, వీధులు. ఇంటికొక చింతపిక్క. చేతిపంపుకు ఒక రాయి. బావికి గుండ్రం. ఇటుక పొడితో బడి, గుడి, మసీదు, చర్చి.

తర్వాత చెరువు. కట్ట ఎంత దూరం? తూములు ఎన్ని? అలుగు ఎటు పారుతుంది? వాగు కాలువ ఏ పొలాల మీదుగా వస్తుంది? ఇక్కడ పెద్దవాళ్ళను అడగండి. పశువులు కాసిన వాళ్ళను అడగండి. నీళ్ళు మోసిన ఆడవాళ్ళను అడగండి. కాగితం మీద లేని దారులు వాళ్ళ కాళ్ళకు తెలుసు. ఇద్దరు రెండు మాటలు చెబితే పోట్లాడుకోవద్దు. అందరూ లేచి అక్కడికే వెళ్ళి చూడండి.

నేల మీద బొమ్మ తేలాక కాగితం మీదికి ఎక్కించండి. పెద్ద చార్టు కాగితం చాలు. ఇది కొత్తగా చదువు నేర్చినవాళ్ళు చేయాలి. ప్రతి చోటా పేరు రాయాలి. కాలువకు పేరు, కుంటకు పేరు, బీడుకు పేరు. జనం నోట్లో ఉన్న పేరే రాయాలి.

చివరికి కింది మూలన తేదీ వేయండి. వచ్చిన వాళ్ళంతా సంతకాలు చేయండి. వాన్ గోయెన్ రెండు అక్షరాలు గుర్తున్నాయా? ఆ రెండు అక్షరాలు, ఒక సంవత్సరం ఉండబట్టే, మూడు వందల డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా ఆ బొమ్మ ఎవరిదో, ఎప్పటిదో తెలుస్తోంది. తేదీ లేని కాగితం మూగది. వేలిముద్ర వేసిన చేయి ఇప్పుడు సంతకం పెడుతోంది. ఆ సంతకం పెట్టవలసిన చోటు ఒకటి ఇది.

ఒక జాగ్రత్త ఉంది. మీరు వేసిన పటం సర్కారు పటానికి బదులు కాదు. హద్దులు తేల్చేది సర్వే పటమే. అందుకని రెండూ పక్క పక్కన పెట్టి చూడాలి. గ్రామ పటం నకలు కోసం తహసీలుదారు ఆఫీసులో అర్జీ పెట్టండి. అందులో చెరువు పోరంబోకు సర్వే నంబరు చూడండి. మీ పటంలో ఉన్న కాలువ అందులో ఉందా? అందులో ఉన్న దారి నేల మీద ఉందా? తేడా వస్తే, తేడా ఎక్కడో వేలు పెట్టి చూపించగలుగుతారు. "మా చెరువు పోయిందయ్యా" అంటే వినేవాళ్ళు తక్కువ. "ఫలానా సర్వే నంబరులో కాలువ ఇంత మేర కనపడటం లేదు, కొలిపించండి" అని రాసిస్తే జవాబు చెప్పక తప్పదు. అర్జీ నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. అందినట్టు ముద్ర వేయించుకోండి.

అయిదేళ్ళకు ఒకసారి కొత్త పటం వేయండి. పాతది పారేయవద్దు. రెండూ పక్కన పెడితే ఊరు ఏం సంపాదించుకుందో, ఏం పోగొట్టుకుందో పిల్లలకు కూడా తెలుస్తుంది.

హాలెండు చిత్రకారుడు గడ్డి ఇళ్ళను, వల లాగే మనిషిని చూసి, ఇది బొమ్మకు తగినదే అనుకున్నాడు. మన ఊరి చేతిపంపు, వాగు కాలువ, మిరప కల్లం కూడా కాగితం మీద ఉండదగినవే. వాటిని వేయడానికి ఓడ మీద ఎవరో రానక్కర లేదు.

మాట్లాడుకోండి

1. మీ ఊరి చెరువులోకి నీళ్ళు ఏ వైపు నుంచి వస్తాయి? ఆ దారి ఇప్పుడు తెరిచి ఉందా?

2. యాభై ఏళ్ళ కింద మీ ఊళ్ళో ఏ పంటలు పండేవి? పెద్దలను అడిగి రాయండి.

3. మీ ఊరి పటం వేయడానికి ఎవరెవరిని పిలవాలి? పేర్లు రాయండి. ఎవరినైనా మరిచిపోయారేమో చూసుకోండి.